నడుంనొప్పి తగ్గేదాకా బతుకును ఆపొద్దు: బెంగళూరు తెలుగువారికి అంచెలంచెల మార్గదర్శి

మూడు నెలలు దాటినా వదలని నడుంనొప్పి మనిషి దగ్గర్నుంచి ఒక్కోటీ పట్టుకుపోతుంది. మొదట బండి తోలడం మానేస్తారు. తర్వాత పండక్కి ఊరెళ్లడం, పిల్లను ఎత్తుకోవడం, కింద కూర్చుని భోంచేయడం. ఆర్నెల్ల తర్వాత చూస్తే నొప్పి మొదట్లో ఉన్నంతే ఉంటుంది. బతుకు మాత్రం మంచం, కుర్చీ, రిపోర్టుల ఫైలు మధ్యకి కుంచించుకుపోయి ఉంటుంది. దిగులు ఎక్కువగా పుట్టేది ఈ రెండోదాన్నుంచే.

"ముందు నొప్పి తగ్గనీ, మిగతావి తర్వాత చూద్దాం" అనే వరసను తిరగేయడమే ఇక్కడ చెప్పేదంతా. పోయిన పనులను కొలతగా, కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకోవాలి. 12 వారాల పని ఇది. ఒక నోటుబుక్కు, ఫోన్లో టైమరు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ముందు ఇవి లేవని తేల్చుకోండి

మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, తొడల లోపలివైపు, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్లు బలహీనపడుతూ పోవడం: వీటిలో ఏది కొత్తగా వచ్చినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నెముక టీబీ లాంటివి లేవని డాక్టరు తేల్చాలి. మన దేశంలో టీబీని మర్చిపోకూడదు. గతంలో క్యాన్సరు వచ్చినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, పడ్డాక నొప్పి మొదలైనవాళ్లు కూడా ముందు చూపించుకోవాలి. 45 ఏళ్లలోపే మొదలై, పొద్దున అరగంటకు మించి బిగుసుకుని, కదిలితే తగ్గి, పడుకుంటే పెరిగే నొప్పి వేరే జాతి. దానికి రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం లాంటివి చూసే డాక్టరు కావాలి.

ఇవేవీ లేవంటే మిగిలేది ఎక్కువమందికి ఉండే మామూలు దీర్ఘకాలిక నడుంనొప్పి. దానికి "మామూలు" అన్న మాట సరిపోదనుకోండి, అనుభవించేవాళ్లకు తెలుసు.

రిపోర్టు భాష చేసే చెరుపు

"డిస్కు అరిగింది", "గ్యాప్ వచ్చింది", "నరం నొక్కుకుంది". ఎమ్మారై కాగితం మీది ఇంగ్లీషు ఇంటికొచ్చేసరికి ఇలా మారుతుంది. ఆ రోజునుంచి మనిషి గాజుబొమ్మలా నడుస్తాడు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లను పోగేసి 2015లో వచ్చిన సమీక్ష ప్రకారం డిస్కు అరుగుదల 20 ఏళ్లవాళ్లలో 37 శాతం, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి కనిపించింది. డిస్కు ఉబ్బు 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి ఉంది. తల నెరవడం లాంటిదే ఇదీ. కాబట్టి డాక్టర్ని అడగాల్సింది "నా డిస్కు ఎంత పోయింది?" అని కాదు. "స్కాన్‌లో కనిపించేది నా నొప్పి ఉన్న చోటుతో, కాల్లోకి దిగే లాగుడుతో సరిపోలుతోందా? నేను వంగితే, నడిస్తే ప్రమాదమా?" అని అడగండి. జవాబు నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి. భయం వేసిన రోజున గూగుల్ కంటే అది పనికొస్తుంది.

మరి "అంతా నీ మనసులోనే ఉంది" అన్నట్టా? కాదు. నొప్పి అనేది శరీరంతోబాటు మనసుకీ తెలిసే బాధాకర అనుభవమని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలోనూ ఉంది. అపార్ట్‌మెంట్లో ఫైర్ అలారం నిప్పంటుకుంటే మోగాలి. కొన్ని పోపు పొగకే మోగుతాయి. నెలల తరబడి నొప్పి పడ్డ నరాల వ్యవస్థ అలాగే తయారవుతుంది: తక్కువ నిద్ర, భయం, ఆఫీసు ఒత్తిడి, ఇంట్లో మాటపట్టింపు, ఇవన్నీ దాని చురుకు పెంచుతాయి. మోగుడు నిజం. నొప్పీ నిజం. నిప్పు ఉందనడానికి మాత్రం అదొక్కటే సాక్ష్యం కాదు.

మొదటి వారం: కొలుచుకోవడం

ఈ వారం ఏమీ మార్చొద్దు. మూడు రాయండి.

ఒకటి, పెగ్ స్కోరు. గత వారంలో సగటున నొప్పి ఎంత, అది సంతోషంగా గడపడానికి ఎంత అడ్డొచ్చింది, రోజువారీ పనులకు ఎంత అడ్డొచ్చింది: మూడింటికీ 0 నుంచి 10 వేసుకుని సగటు తీయండి. ఆదివారం ఒక్కసారే. గంటగంటకీ నొప్పికి మార్కులు వేసేవాళ్లకు నొప్పి మీద కాపలా కాయడమే ఉద్యోగమైపోతుంది. ఈ సగటు మూడోవంతు దాకా తగ్గితే అది చెప్పుకోదగ్గ మేలు. 7 ఉన్నది 5 దగ్గరికి రావడమన్నమాట. సున్నా కోసం చూస్తే 5ను కూడా ఓటమిగానే లెక్కేస్తారు.

రెండు, పీహెచ్‌క్యూ-9, కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. తెలుగులోనూ ఉంది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుతో మాట్లాడాలి. ఇక్కడో మెలిక ఉంది: నిద్ర, అలసట ప్రశ్నలకు నొప్పివల్లే మార్కులు పెరుగుతాయి. అందుకే మొదటి రెండు ప్రశ్నలను విడిగా చూడండి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగి ఉండడం. ఆ రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే కుంగుబాటు ఉండే అవకాశాన్ని "నొప్పి కదా, ఉంటుందిలే" అని తోసేయొద్దు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఇంకేది వేసినా 12 వారాల ప్రణాళిక పక్కన పెట్టి ఆ రోజే ఒకరికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416కి ఫోన్ చేయండి.

మూడు, పోయినవాటి జాబితా. నొప్పి వచ్చాక మానేసిన పనులన్నీ రాసి, పక్కన ఎందుకు ముఖ్యమో ఒక్క మాట రాయండి. "లాల్‌బాగ్‌లో నడక, నాన్నతో మాట్లాడే టైమది." "ముగ్గు, పండగ పండగలా ఉంటుంది." ఇందులోంచి మూడింటిని ఎంచుకోండి. తర్వాతి 11 వారాల గమ్యాలు అవే.

రెండో వారం నుంచి: గడియారం చెప్పినట్టు, నొప్పి చెప్పినట్టు కాదు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నొప్పి తక్కువున్న శనివారం ఇల్లంతా కడిగి, డీమార్ట్‌కి వెళ్లి, రెండు సంచులు మోసుకొస్తారు. ఆదివారం, సోమవారం మంచం మీదే. ఈ పొంగూ కుంగూ నాలుగు వారాలు సాగితే మెదడు నేర్చుకునే పాఠం ఒకటే: కదిలితే దెబ్బ.

దీనికి విరుగుడు లెక్కలో ఉంది. మీకు కూర్చోవడం కష్టమనుకుందాం. మూడు మామూలు రోజులు, నొప్పి బాగా పెరిగి లేవాలనిపించేదాకా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో చూడండి. 40, 25, 35 నిమిషాలు వచ్చాయి. సగటు 33. అందులో 80 శాతం అంటే 26, 25 అనుకోండి. ఇదే మీ మొదలు. ఇకనుంచి 25 నిమిషాలకు టైమరు మోగగానే లేవాలి, నొప్పి లేకపోయినా. రెండు నిమిషాలు నిలబడి, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవాలి. నొప్పి కొంచెం ఉన్నా 25 నిమిషాలూ కూర్చోవాలి. వారానికి పదో వంతు పెంచండి, అంటే రెండు మూడు నిమిషాలు. ఎనిమిది వారాలకు 50 నిమిషాల దగ్గరికి వస్తారు. నడకకీ, నిలబడి వంట చేయడానికీ, బండి మీద కూర్చోవడానికీ ఇదే లెక్క.

చెడేది ఎక్కడ? మొదటి మంచి రోజున. "ఇవాళ బాగుంది, ఇంకో అరగంట లాగించేద్దాం" అనిపిస్తుంది. ఆ రోజు టైమరు మాట వింటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. రెండో తప్పు, ఒకేసారి మూడు పనులు పెంచడం. వారానికి ఒక్కటే పెంచండి, తేడా వస్తే దేనివల్లో తెలుస్తుంది. పెంచాక మర్నాటి పొద్దున్నకి కూడా నొప్పి మామూలు స్థాయికి రాకపోతే పాత అంకె దగ్గరే ఇంకో వారం ఆగండి. సున్నాకి దిగొద్దు.

నడకకి బెంగళూరు ఫుట్‌పాత్‌లను నమ్ముకోవద్దు. లేచిపోయిన రాయి మీద మడమ మెలికపడితే వారం పోతుంది. హెచ్‌ఎస్‌ఆర్ వైపు వాళ్లకి అగర చెరువు, సర్జాపుర రోడ్డు వాళ్లకి కైకొండ్రహళ్లి చెరువు, నగరం నడిబొడ్డున కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ ఉన్నాయి. ఏవీ దగ్గర లేకపోతే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో రౌండ్లు. అందంగా ఉండదు, కానీ నేల చదును.

భయాన్ని మెట్లుగా దిగడం

20 లీటర్ల నీళ్ల క్యాను చాలు, నడుంనొప్పి ఉన్నవాళ్ల భయమేమిటో చెప్పడానికి. దాన్ని చూడగానే ఊపిరి బిగబట్టి, నడుం కర్రలా బిగదీసి, పక్కింటి అబ్బాయిని పిలుస్తారు. తర్వాత ఆ జాగ్రత్త చెప్పుల దాకా, పాలప్యాకెట్ దాకా పాకుతుంది. వంగడమంటేనే భయం మిగులుతుంది.

భయపడే పనులు ఎనిమిది పది రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేయండి. ఉదాహరణకి: ఖాళీ చేతులతో వంగి నేల ముట్టడం 20, లీటరు సీసా ఎత్తడం 30, 5 లీటర్ల డబ్బా 50, బండి వెనక అరగంట ప్రయాణం 60, రాత్రి బస్సులో ఊరెళ్లడం 85, నిండు క్యాను 95. 20–30 దగ్గర మొదలుపెట్టండి. చేయబోయేముందు "ఏమవుతుందని భయం?" అని రాయండి: "పట్టేసి రెండు రోజులు లేవలేను." రోజుకి ఐదుసార్లు, ఊపిరి బిగబట్టకుండా వంగండి. మర్నాడు ఏమైందో అదే వరసలో రాయండి. నాలుగైదు రోజుల్లో భయం సగానికి పడితే పై మెట్టు ఎక్కండి. అసలు పని చేసేది మీరు రాసిన జోస్యానికీ జరిగినదానికీ ఉన్న తేడాయే. అందుకే రాయకుండా చేస్తే సగం ఫలం పోతుంది. వంగాక నొప్పి కొంచెం పెరగొచ్చు, అది జోస్యం నిజమైనట్టు కాదు. నిండు క్యాను దాకా వెళ్లి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. క్యాను కిందే ఉంచి నీళ్లు తోడుకునే పంపు వంద రూపాయలకో రెండు వందలకో దొరుకుతుంది.

రాత్రి బస్సు గురించి, బెంగళూరు తెలుగువాళ్లకి అది లేకుండా కుదరదు గనక: వెనక చక్రాల మీదా, ఆ వెనకా కుదుపు ఎక్కువ, నడిమి భాగంలో కింది బెర్తు తీసుకోండి. మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి ఐదు నిమిషాలు నడవండి. చేరిన రోజు పొద్దున పెళ్లి పనులేవీ ఒప్పుకోవద్దు. వీలైతే రైలు మేలు, లేచి తిరగొచ్చు.

మనసులో ఆగకుండా తిరిగే మాటలు

నొప్పి లేచినప్పుడు వచ్చే ఆలోచనలు మూడు రకాలు. అదే పనిగా నెమరేయడం ("ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు తగ్గుతుంది"), పెద్దది చేసి చూడడం ("ఇక వీల్‌చెయిరే గతి"), చేతులెత్తేయడం ("నా వల్ల ఏదీ కాదు"). వీటిని గద్దించి నోరు మూయించాలని చూస్తే రెట్టిస్తాయి. నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ఏం జరిగింది, మనసు ఏమంది, ఇదే మాట నా స్నేహితుడంటే నేనేం చెప్తాను. "మీటింగులో లేచి నిలబడాల్సొచ్చింది. అందరూ చేతగానివాణ్ననుకున్నారు. ఒక్కరు చూశారేమో, తర్వాత ఫోన్లో పడ్డారు." మూడో గడిలో ఉత్త ధైర్యం మాటలు రాయొద్దు, మనసు నమ్మదు. జరిగినవే రాయండి. రోజుకి ఒక్కటి చాలు, పది నిమిషాలకు మించొద్దు.

నెమరేయడం రాత్రిపూట ముదురుతుంది. దానికి సాయంత్రం 6 గంటలకు పావుగంట "దిగులు టైము" పెట్టడం వింతగా అనిపించినా పనిచేస్తుంది: కూర్చుని, రాసి, మూసేయాలి. రాత్రి వస్తే "రేపు ఆరింటికి" అని వాయిదా వేయాలి.

ఊపిరి సంగతి చిన్నదే. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత లోపలికి, ఆరు అంకెలంత బయటికి, రోజుకి రెండుసార్లు పదేసి నిమిషాలు. నొప్పి లేనప్పుడు అలవాటు చేసుకుంటేనే ఉన్నప్పుడు పలుకుతుంది. నొప్పి వచ్చాక తొలిసారి ప్రయత్నించి "నాకు పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

నిద్ర

నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరుగుతుంది. ఇది చాలామందిలో కనిపించేదే. పడుకునే టైము కంటే లేచే టైము ముఖ్యం: ఆదివారం సహా ఒకే టైము. దాదాపు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి, వేరే గదిలో మసక వెలుగులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచం ఎక్కాలి. నొప్పి ఉంది కదా అని పగలంతా మంచం మీద ల్యాప్‌టాప్‌తో గడిపితే, రాత్రికి మంచం చూడగానే మెదడు ఆఫీసు తెరుస్తుంది. పగటి కునుకు మధ్యాహ్నం 3 లోపు, అరగంట లోపు. కాఫీ మధ్యాహ్నం 2 తర్వాత వద్దు, ఎంత మంచి ఫిల్టరు కాఫీ అయినా. పరుపు మరీ గట్టిది కావాలనీ, నేల మీదే పడుకోవాలనీ నియమం లేదు. పొద్దున తేలిగ్గా లేవగలిగేది మీ పరుపు.

ఇంట్లోవాళ్లతో, ఊర్లోవాళ్లతో, ఆఫీసుతో

ఎక్స్‌రేలో తేలని, ప్లాస్టరు కట్టని నొప్పికి రెండే స్పందనలు దొరుకుతాయి: "అంతా నటన" లేదా "నువ్వు కదలకు, నేను చేస్తా". రెండోది ప్రేమే, కానీ పని లాక్కుంటుంది, దాంతోబాటు మనిషి విలువా పోయినట్టుంటుంది. ఇంట్లోవాళ్లకి ఇలా చెప్పండి: "రోజూ నొప్పెలా ఉందని అడగొద్దు, ఇవాళ ఏం చేశావని అడుగు. సాయం కావాలంటే నేనే అడుగుతా. టైమరు మోగి నేను లేస్తే ఏమైందని కంగారుపడకు." చేయగలిగే పనొకటి, కూరగాయలు తరగడమో పిల్లల హోంవర్కో, రోజూ మీదేనని తేల్చుకోండి. నొప్పి ఉన్న రోజు తక్కువ చేయండి, మానొద్దు.

ఊరినుంచి అమ్మ ఫోన్ చేసి "బెల్టు పెట్టుకున్నావా నాయనా?" అంటుంది. వాదించొద్దు, ఆవిడ భయం అది. "డాక్టరు నడవమన్నారమ్మా, ఇవాళ పావుగంట నడిచా" అని లెక్క చెప్పండి. వారం వారం అంకె పెరుగుతుంటే ఆవిడే చుట్టాలకి చెప్తుంది. పీజీలో ఒంటరిగా ఉండేవాళ్లకి ఈ బెడద లేదుగానీ అంతకంటే పెద్దది ఉంది: మాట్లాడే మనిషే లేకపోవడం. వారానికి రెండుసార్లు ఎవరితోనైనా కలిసి భోజనం, ఆంధ్రా మెస్సులోనైనా సరే, నోటుబుక్కులో వ్యాయామంలాగే రాసుకోండి.

భార్యాభర్తల మధ్య పడక ముచ్చట ఆగిపోయి, ఇద్దరూ కారణం చెప్పుకోకుండా నెలలు గడిపేస్తారు. పక్కకు తిరిగి పడుకునే భంగిమలు కొందరికి తేలిగ్గా ఉంటాయి. దానికంటే ముందు "నొప్పికి భయపడుతున్నా, నీమీద ఇష్టం తగ్గి కాదు" అన్న ఒక్కమాట పగటిపూట చెప్పుకోవాలి.

ఆఫీసులో "నడుంనొప్పి, ఇంటినుంచి పని కావాలి" అంటే బేరం మొదలవుతుంది. తేలిగ్గా ఒప్పుకునేవి అడగండి: అరగంట దాటిన మీటింగుల్లో నిలబడే వీలు, సిల్క్ బోర్డు రద్దీ తప్పేలా గంట ముందు రావడం గంట ముందు వెళ్లడం, ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూద్దామన్న గడువు. గడువు పెడితే మేనేజరు ఒప్పుకోవడం తేలిక.

వైద్యం, సాయం ఎక్కడ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పేది) లాంటి మానసిక చికిత్సలను సూచిస్తాయి. నడుం బెల్టు, ట్రాక్షన్ (నడుం లాగి పట్టడం), అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ యంత్రం (సన్నని కరెంటు ఇచ్చేది) మామూలుగా వద్దంటాయి. కాబట్టి ప్రతిరోజూ యంత్రం తగిలించి పడుకోబెట్టి పంపే ఫిజియో దగ్గర ప్యాకేజీ కొనేముందు "నాకు వ్యాయామాలు ఏం నేర్పిస్తారు, వారం వారం ఎలా పెంచుతారు?" అని అడగండి.

మానసిక చికిత్సకి క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, దీర్ఘకాలిక నొప్పితో పనిచేశారా, తెలుగులో మాట్లాడగలరా అని అడగండి. బాధని పరాయి భాషలో చెప్పుకుంటే సగం లోపలే ఉండిపోతుంది. మామూలుగా వారానికోసారి, 8 నుంచి 12 సిట్టింగులు. హోసూరు రోడ్డులోని మానసిక, నరాల జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్‌తోబాటు బీటీఎం లేఔట్‌లో వాళ్ల సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. నిమ్హాన్స్ పేరు వినగానే "నాకేం పిచ్చా" అనేవాళ్లకి: అక్కడ న్యూరాలజీ, న్యూరోసర్జరీ కూడా ఉన్నాయి, గేటు దగ్గర చూసినవాళ్లకి మీరు దేనికొచ్చారో తెలీదు. టెలి మానస్, 14416, రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆరోగ్య బీమా మానసిక జబ్బుకీ వర్తించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తుంది. కానీ చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ కౌన్సెలింగుకి వస్తుందో లేదో ముందే అడగండి.

డాక్టరు డులాక్సెటిన్ గానీ, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ గానీ రాస్తే, మెడికల్ షాపులో "ఇది డిప్రెషన్ మందు" అనగానే పారేయొద్దు. అవి నొప్పికీ వాడతారు. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నరాల నొప్పికి రాసే ప్రెగాబలిన్ తల తిప్పొచ్చు, అలవాటయ్యేదాకా బండి తోలొద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు చెడొచ్చు. ట్రమడాల్ అనే నొప్పి మందు వ్యసనంగా మారొచ్చు. డులాక్సెటిన్‌తో కలిస్తే ప్రమాదం ఉండొచ్చు గనక అన్ని చీటీలూ ఒకే డాక్టరుకి చూపించండి.

నొప్పి తిరగబెట్టిన రోజుకి ఒక కాగితం

బాగున్న రోజునే రాసిపెట్టుకోవాలి. నొప్పి మీద ఉన్న మనిషి ప్రణాళిక వేయలేడు. 12 వారాల్లో ఒకటి రెండుసార్లు తిరగబెట్టడం మామూలే, రాకపోతేనే వింత.

కాగితం పైన: "పోయినసారి కూడా ఇలాగే అనిపించింది, ఇన్ని రోజుల్లో తగ్గింది", రోజుల సంఖ్యతో. తర్వాత మొదటి రోజు: అన్ని పనులూ సగానికి, సున్నాకి కాదు. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ మూడు నుంచి ఐదు నిమిషాల నడక, ఇంట్లోనే. వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు. ఊపిరి రెండుసార్ల బదులు నాలుగుసార్లు. డాక్టరు ముందే చెప్పిన మాత్ర, చెప్పిన మోతాదు. పగలు మంచం మీద ఒకేసారి అరగంట దాటొద్దు. రెండో రోజూ అంతే. మూడో నాలుగో రోజునుంచి టైమరు మీ మామూలు అంకెలో 70 శాతానికి, వారంలో పాత అంకెకి. కింద, ఫోన్ చేయాల్సిన ఇద్దరి పేర్లు, మేనేజరుకి పంపాల్సిన మెసేజీ ముందే రాసి: "నడుంనొప్పి పెరిగింది, రెండు రోజులు సగం పూట పని చేస్తా, గురువారం మామూలుగా వస్తా." అట్టడుగున ఎర్ర ఇంకుతో మూత్రం, మొద్దుబారడం, కాళ్ల బలహీనత, వీటిలో ఏది కొత్తగా కనిపించినా ఈ కాగితం పక్కన పెట్టి ఆస్పత్రికి అని.

దీన్ని బీరువా తలుపు లోపలివైపు, పడుకుని చూసినా కనిపించేంత కింద అంటించండి. ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉంచండి.